క్రిస్మస్ కార్డులు వంకరపోకుండా, పిండి బొమ్మలు మెత్తబడకుండా, నక్షత్రం అంచులు కలిసేలా చేయడం ఎలా

మీరు అడిగినవి: ఇంట్లోనే ఇరవై క్రిస్మస్ కార్డులు చేయాలి, దగ్గరివాళ్లకి నాలుగైదు కానుకలు కావాలి, ఇంటికి ఒక నక్షత్రం, చెట్టుకి బొమ్మలు కావాలి. పోయినసారి కార్డులు ఎండాక వంకరపోయాయని, ఉప్పు పిండి బొమ్మలు పది రోజులకే చెమ్మెక్కి మెత్తబడ్డాయని, కాగితం నక్షత్రం ముందు ముక్క, వెనక ముక్క అంచుల దగ్గర కలవనే లేదని రాశారు. మొదటి రెండింటికీ కారణం తడి. మూడోదానికి కారణం కోణం లెక్క. మీ చేతిపనిలో లోపం లేదు. కాగితం, పిండి, పండు, సబ్బు, ఇవన్నీ నీళ్లతో ఎలా ప్రవర్తిస్తాయో తెలిస్తే ఈ పనులు చాలావరకు దారికొస్తాయి.

ముందు ఏది మొదలుపెట్టాలో తేల్చుకోండి. అందరూ కార్డులతో మొదలుపెడతారు, అది సరికాదు. ఆరడానికి, కుదురుకోవడానికి ఎక్కువ రోజులు పట్టేవి ముందు చేయాలి. కొవ్వొత్తులు చేసేట్టయితే డిసెంబర్ 5లోపు పోసేయండి, వాటికి రెండు వారాలు కావాలి. ఉప్పు పిండి బొమ్మలు కూడా మొదటి వారంలోనే మొదలవ్వాలి, ఎందుకంటే ఎండటం, రంగు, వార్నిష్ కలిపి వారం పడుతుంది. పోస్టులో పంపే కార్డులు 8, 10 తేదీలకల్లా కవర్లో పడాలి. నక్షత్రం, ఫెల్ట్ బొమ్మలు ఎప్పుడైనా చేసుకోవచ్చు. సబ్బులు, కాగితం మంచు రేకులు ఆఖరి వారానికి వదిలేయండి.

కార్డుల సంగతి

250 నుంచి 300 జీఎస్‌ఎం (చదరపు మీటరు కాగితం బరువు గ్రాముల్లో) కార్డ్‌స్టాక్, అంటే మందపాటి కార్డు కాగితం తీసుకోండి. 200 కంటే తక్కువైతే కార్డు నిలబడదు, 300 దాటితే మడత దగ్గర పగులుతుంది. ఒక ఎ4 షీటుని అడ్డంగా సగానికి కోస్తే రెండు ఎ5 ముక్కలు వస్తాయి. ఒక్కో ముక్కని మధ్యకి మడిస్తే 105 × 148 మి.మీ. కార్డు, అంటే ఎ6 సైజు. ఇరవై కార్డులకి పది షీట్లు సరిపోతాయి, చెడిపోయేవాటికి ఇంకో రెండు కలిపి పన్నెండు తెచ్చుకోండి. దీనికి సరిపోయే కవరు సి6, 114 × 162 మి.మీ.

ఎ6 సైజే చెప్పడానికి ఒక కారణం ఉంది. కాగితం తయారయ్యేటప్పుడు నారపోగులు ఎక్కువగా ఒకే దిక్కుకి వాలి ఉంటాయి. ఆ దిక్కు వెంబడి మడిస్తే మడత నున్నగా వస్తుంది, అడ్డంగా మడిస్తే పైపొర చిట్లి లోపలి తెలుపు కనిపిస్తుంది. ఎ4 షీట్లలో చాలావాటికి నార పొడవు వెంబడే ఉంటుంది. కాబట్టి షీటుని సగానికి కోసి ఎ6 కార్డు చేస్తే మడత నార వెంబడి పడుతుంది. అదే షీటుని కోయకుండా మడిచి పెద్ద ఎ5 కార్డు చేస్తే మడత నారకి అడ్డంగా పడుతుంది. ముదురు రంగు షీట్లలో ఈ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అనుమానంగా ఉంటే షీటుని మడవకుండా రెండు వైపులా మెల్లగా వంచి చూడండి. ఏ వైపు సులువుగా వంగితే, ఆ వంపు గీత నార దిక్కుకి సమాంతరంగా ఉన్నట్టు.

మడిచే ముందు గాడి గీయడం తప్పనిసరి. 105 మి.మీ. దగ్గర రెండు అంచుల్లోనూ పెన్సిల్‌తో చుక్క పెట్టండి. స్టీలు స్కేలు ఆనించి, ఇంకు అయిపోయిన బాల్‌పెన్నుతో రెండుసార్లు గట్టిగా గీయండి. కింద పాత మ్యాగజైన్ ఒకటి పెట్టుకుంటే గాడి లోతుగా పడుతుంది. ఇక్కడే చాలామంది పొరబడతారు. గాడి పడ్డ వైపు లోతుగా ఉంటుంది, అవతలి వైపు సన్నగా ఉబ్బుతుంది. మడిచినప్పుడు ఆ ఉబ్బు కార్డు లోపలికి రావాలి, గాడి బయటికి ఉండాలి. చూడటానికి తిరకాసుగా అనిపించినా సరైన పద్ధతి అదే. అప్పుడు బయటి పొర మీద లాగుడు తగ్గి పగుళ్లు రావు. మడిచాక స్టీలు చెంచా వెనక భాగంతో ఒకసారి రుద్దండి, మధ్యలో పల్చటి కాగితం అడ్డం పెట్టి రుద్దితే కార్డు మీద మెరుపు మరక పడదు.

ఇక వంకరపోవడం. తెల్ల జిగురులో ఎక్కువ భాగం నీళ్లే. కాగితం మీద రాయగానే ఆ వైపు నార నీళ్లు తాగి సాగుతుంది, ఆరేటప్పుడు అంటుకున్న పొరని కూడా తనతో లాక్కుంటూ కుంచించుకుపోతుంది. అందుకే కార్డు జిగురున్న వైపుకి ముడుచుకుంటుంది. మీరు కార్డు ముందుభాగం మొత్తానికి డిజైన్ కాగితం తెల్ల జిగురుతో అంటించానన్నారు, వంకర అక్కడినుంచే వచ్చింది. పెద్ద ముక్కల్ని 6 మి.మీ. డబుల్‌సైడ్ టేపుతోనే అంటించండి. నాలుగు అంచులకి టేపు, మధ్యలో ఒక అడ్డపట్టీ చాలు. గమ్ స్టిక్ కూడా పనికొస్తుంది, కానీ పొడి గాలిలో కొన్ని వారాలకి అంచులు లేస్తాయి. తెల్ల జిగురుని గుండీలు, రిబ్బన్ ముడులు, ఎండిన పూరేకుల్లాంటి చిన్నవాటికే ఉంచుకోండి. అదీ అగ్గిపుల్ల కొనతో చుక్కలుగా పెట్టాలి.

ఇప్పటికే వంకరపోయిన కార్డు ఉంటే పారేయకండి. లోపలి వైపు అదే సైజు తెల్లకాగితం అదే జిగురుతో అంటించి, రెండు మైనపు కాగితాల మధ్య పెట్టి, పైన బరువైన పుస్తకాలు పేర్చి ఒక రోజంతా ఉంచండి. రెండు వైపులా లాగుడు సమానమయ్యాక కార్డు తిన్నగా అవుతుంది.

ముదురు ఎరుపు, ఆకుపచ్చ కార్డుల్లో లోపల రాయడానికి తెల్ల కాగితం పెట్టాలంటే 90 లేదా 100 జీఎస్‌ఎం కాగితాన్ని కార్డు కంటే అన్ని వైపులా 5 మి.మీ. తక్కువగా కోయండి. దాన్నీ మడిచి, మడత పక్కన ఒక్క వైపు మాత్రమే సన్నటి టేపు గీతతో అంటించండి. రెండు వైపులా అంటిస్తే కార్డు మూసినప్పుడల్లా లోపలి కాగితం ముడతలు పడుతుంది.

వాటర్‌కలర్‌తో వేయాలనుకుంటే కార్డ్‌స్టాక్ మీద వేయకండి. 300 జీఎస్‌ఎం వాటర్‌కలర్ కాగితం మీద వేరుగా వేసి, పూర్తిగా ఆరాక 90 × 130 మి.మీ. ముక్కగా కోసి టేపుతో కార్డు మీద అంటించండి. ఒకే పెద్ద షీటు మీద ఎనిమిది పది బొమ్మలు వరసగా వేసి తరవాత కోసుకుంటే రంగులు కూడా ఒకదానితో ఒకటి కలిసొస్తాయి.

పిల్లలు బంగాళాదుంప అచ్చులు వేస్తామంటే తప్పకుండా వేయనివ్వండి, ఇరవై కార్డులకి అది మంచి దారి. కానీ దుంప కోసిన వెంటనే రంగు అద్దకూడదు. కోసిన ముఖంలో నీరు, గంజి ఉంటాయి, రంగు జారి మధ్యలో ఖాళీలు పడతాయి. బొమ్మ చెక్కాక టిష్యూ మీద బోర్లించి అరగంట ఉంచి, తుడిచి, అప్పుడు అక్రిలిక్ రంగు స్పాంజితో అద్దండి. దుంపని రంగులో ముంచితే అంచులు ముద్దయిపోతాయి. అక్షరాలు చెక్కితే అద్దంలో కనిపించేలా తిప్పి చెక్కాలి.

కవరు చేత్తోనే చేయాలనుకుంటే ఎ4 కాగితాన్ని 21 సెం.మీ. చతురస్రంగా కోసి, కార్డుని దాని మీద ఐమూలగా పెట్టండి. నాలుగు వైపులా 3 మి.మీ. వదులు ఇచ్చి మూలల్ని లోపలికి మడవండి. మడతలు కలిసే నాలుగు చోట్లా చిన్న వి ఆకారపు గాటు తీసేస్తే కవరు మూలలు లావుగా ఉబ్బవు. పైకి లేచే అలంకరణలు 3 మి.మీ. మందం దాటకుండా చూసుకోండి. పోస్టు యంత్రాల్లో లావుపాటి గుండీ ఉన్న చోటే కవరు చిరుగుతుంది.

తెరవగానే లేచే కార్డు

అందరికీ కాకపోయినా ఇద్దరు ముగ్గురికి ఇలాంటిది చేయండి, దాని ఆనందం వేరు. మడత అడ్డంగా, 148 మి.మీ. వైపు ఉండేలా కార్డు పట్టుకోండి. తెరిచి లంబకోణంలో నిలబెడితే కింద నేల, వెనక గోడ. లోపలికి వేరే షీటు కావాలి, 200 జీఎస్‌ఎం చాలు. దాన్ని మడిచి, మడత అంచు నుంచే మొదలుపెట్టి లోపలికి, ఒకదానికొకటి 20 మి.మీ. ఎడంతో రెండు సమాంతర గాట్లు పెట్టండి. రెండూ 30 మి.మీ. పొడవు. ఆ పట్టీ మొదట్లో గాడి గీసి, షీటు తెరిచి పట్టీని లోపలికి నెడితే చిన్న పెట్టె లేస్తుంది. బొమ్మని ఆ పెట్టె ముందు ముఖానికి మాత్రమే అంటించాలి, పై ముఖానికి తగలకూడదు.

బొమ్మ ఎంత ఎత్తుండొచ్చో లెక్క సులువే: గాటు పొడవు, నేల నుంచి బొమ్మ ఎత్తు, ఈ రెండూ కలిపి కార్డు లోతు కంటే 5 మి.మీ. తక్కువ ఉండాలి. లోతు 105 కాబట్టి 30 మి.మీ. గాటుకి బొమ్మ 70 మి.మీ. దాటకూడదు. దాటితే కార్డు మూసినప్పుడు బొమ్మ తల బయటికి పొడుచుకొస్తుంది. పక్కపక్కనే రెండు పెట్టెలు పెట్టాలంటే ఒకదానికి 20, ఇంకోదానికి 35 మి.మీ. గాట్లు పెట్టండి. 20 దానికి పొడుగు చెట్టు, 35 దానికి పొట్టి ఇల్లు అంటిస్తే వెనకా ముందూ లోతు కనిపిస్తుంది. ఒక పెట్టె బొమ్మ పక్క పెట్టె మీదికి వాలకుండా మధ్యలో ఖాళీ ఉంచండి. చివరగా ఈ లోపలి షీటుని బయటి కార్డుకి టేపుతో అంటించేటప్పుడు పెట్టె వెనక ఎక్కడా టేపు పడకూడదు, పడితే పెట్టె లేవదు.

నక్షత్రం ఎందుకు కలవలేదు

మీరు ఒకే షీటు నుంచి అయిదు మూలల నక్షత్రం కోసి, మూలల గీతలు పైకి, సందుల గీతలు లోపలికి మడిచి, అలాంటివి రెండు ఎదురెదురుగా అంటించబోయారు. అలా చేసింది గోడకి ఆనించే ఒంటివైపు నక్షత్రంగా చక్కగా ఉంటుంది. కానీ రెండు కలిపి లోపల బల్బు పెట్టే నక్షత్రం దానితో రాదు. నడిమి భాగం పైకి లేచి, అంచులన్నీ ఒకే చదునులో ఉండాలంటే నడిమి చుట్టూ ఉన్న కోణాల మొత్తం 360 డిగ్రీల కంటే ఎక్కువ కావాలి. కింద చెప్పే కొలతలకి అది దాదాపు 380 డిగ్రీలు. చదును కాగితంలో ఒక బిందువు చుట్టూ 360కి మించి ఉండదు కదా. ఆ లోటు 20 డిగ్రీలు అంచుల దగ్గర ఎగుడుదిగుడుగా బయటపడుతుంది, మీరు ఎంత ఒత్తి అంటించినా కలవదు. అందుకే అయిదు చేతుల్ని విడివిడిగా చేసి కలపాలి.

ఒక్కో చేయి గాలిపటం ఆకారం. 15.5 సెం.మీ. గీత గీయండి, అది వెన్ను. ఒక కొన నడిమి, రెండోది మూల. కాంపస్‌తో నడిమి కొన నుంచి 7 సెం.మీ. చాపం, మూల కొన నుంచి 10.9 సెం.మీ. చాపం గీతకి రెండు వైపులా గీయండి. చాపాలు కలిసిన బిందువుల్ని కొనలతో కలిపితే గాలిపటం పూర్తయింది. ఇలాంటివి పది కావాలి, ముందుకి అయిదు, వెనక్కి అయిదు. అట్టతో ఒక నమూనా కోసుకుని దాని చుట్టూ గీసుకుంటే పదీ ఒకేలా వస్తాయి. పదింటికీ 7 సెం.మీ. అంచుల్లో ఒకదానికి 1 సెం.మీ. అంటు పట్టీ వదలండి, అన్నింటికీ ఒకే వైపు. ముందువైపు అయిదింటికి మాత్రం రెండు 10.9 సెం.మీ. అంచులకీ పట్టీలు వదలండి. 160 నుంచి 200 జీఎస్‌ఎం కాగితమైతే ఎ4 షీటుకి రెండు చొప్పున అయిదు షీట్లలో అయిపోతుంది. నక్షత్రం వెడల్పు దాదాపు 28 సెం.మీ. వస్తుంది.

వెలుతురు కోసం కిటికీల్లాంటి కోతలు కోయాలన్నా, వెనక ట్రేసింగ్ కాగితమో రంగు సెల్లోఫేనో అంటించాలన్నా మడవక ముందే చేసేయండి, తరవాత చేయి పట్టదు. కోతల అంచు మడత గీతకి కనీసం 8 మి.మీ. దూరంలో ఉండాలి. తరవాత వెన్ను గీత పైకి మడవండి, పట్టీలు లోపలికి మడవండి. అయిదు చేతుల్ని 7 సెం.మీ. అంచుల దగ్గర వరసగా అంటించండి. ప్రతి అతుకూ లోపలికి లోయలా, ప్రతి వెన్నూ బయటికి గట్టులా రావాలి. చివరి అతుకు వేసేటప్పుడు కాగితం ఎదురుతిరిగినట్టు అనిపిస్తుంది, ఆ 20 డిగ్రీలే కారణం. దాన్ని అంటించగానే నక్షత్రం దానంతటదే ఉబ్బి నిలబడుతుంది. ఇక్కడ తెల్ల జిగురు పల్చగా వాడొచ్చు, పట్టీ సన్నది కాబట్టి వంకరపోదు. ఒక్కో అతుకుని బట్టల క్లిప్పుతో పది నిమిషాలు పట్టి ఉంచండి.

ముందు, వెనక భాగాల్ని కలిపేటప్పుడు నాలుగు చేతులే పూర్తిగా అంటించండి. పైకి ఉండే చేయి తెరిచే ఉంచి, వైరు అందులోంచి దింపి, ఆ అంచుల్ని టేపు ముక్కలతో మూయండి. బల్బు మార్చాల్సి వస్తే ఊడదీయొచ్చు. ఎల్‌ఈడీ బల్బు తప్ప ఇంకేదీ పెట్టకండి, 3 వాట్లు చాలు. వేడెక్కే పాతకాలం బల్బు, కొవ్వొత్తి రెండూ కాగితాన్ని కాలుస్తాయి. ఎల్‌ఈడీ అయినా కాగితానికి తగలకుండా మధ్యలో వేలాడాలి, వెనక చేతుల్లో గాలికి నాలుగైదు రంధ్రాలు ఉండాలి.

ఇరవై అయిదు మూలల నక్షత్రం చేయాలని ముందు ముందు మనసైతే చేయండి. జర్మనీలోని నీస్కీ ఊళ్లో మొరావియన్ క్రైస్తవుల బడిలో 1830ల కాలంలో పిల్లలకి జామెట్రీ నేర్పడానికే అది పుట్టింది. దాని నడిమి గడ్డకి 26 ముఖాలు, 18 చతురస్రాలు, 8 త్రిభుజాలు. ఒక చతురస్రం వేలాడదీయడానికి పోను మిగతా ఇరవై అయిదింటి మీద మూలలు. ఈ అయిదు చేతులది తిన్నగా వచ్చాక అది కష్టమనిపించదు.

మంచు రేకుల గురించి ఒక్క మాట: నిజమైన మంచు స్ఫటికానికి ఆరు చేతులు. కాగితాన్ని సగం, మళ్లీ సగం, మళ్లీ సగం మడిస్తే ఆరు చేతులు రావు. ఒకసారి సగానికి మడిచాక, మడత మధ్య బిందువు నుంచి 60 డిగ్రీల చొప్పున మూడు భాగాలుగా మడవండి, ఇంకోసారి సగం మడిచి కత్తిరించండి. 80 జీఎస్‌ఎం కంటే మందం కాగితం అన్ని పొరలు తెగదు.

ఉప్పు పిండి బొమ్మలు

కొలత: ఒకే కప్పుతో రెండు కప్పుల మైదా, ఒక కప్పు మెత్తటి ఉప్పు, ముప్పావు నుంచి ఒక కప్పు నీళ్లు. నీళ్లు ఒక్కసారిగా పోయకండి, చేతికి అంటని గట్టి ముద్ద రాగానే ఆపేయాలి. కల్లుప్పు వాడితే పైన గుంతలు పడతాయి. పొంగే పొడి కలిపిన పిండి అసలు వద్దు, బొమ్మలు ఉబ్బుతాయి. పది నిమిషాలు పిసికి, మూతపెట్టి ఇరవై నిమిషాలు వదిలేయండి. తరవాత 5 నుంచి 6 మి.మీ. మందంలో ఒత్తండి. ఒకే మందం ఉన్న రెండు చెక్క పట్టీలు అటూ ఇటూ పెట్టి కర్ర దొర్లిస్తే మందం ఎక్కడా తేడా రాదు. మందం తేడా ఉంటే పల్చటి చోటు ముందు ఎండి కుంచించుకుంటుంది, పగుళ్లు అక్కడ మొదలవుతాయి. దారానికి రంధ్రం 6 మి.మీ. లావు స్ట్రాతో, అంచు నుంచి 8 మి.మీ. వదిలి పెట్టండి.

ఓవెన్ 100 డిగ్రీల సెల్సియస్ దాటకూడదు. రెండు మూడు గంటలు పడుతుంది, గంటకోసారి తిప్పండి. తొందరపడి 150 పెడితే పైపొర గట్టిపడి లోపలి ఆవిరి దారిలేక బుడగలు లేపుతుంది. ఓవెన్ లేకపోతే ఫ్యాను కింద జాలీ మీద పెట్టి రోజుకి రెండుసార్లు తిప్పుతూ అయిదు నుంచి ఏడు రోజులు ఆరబెట్టండి.

ఎండిందో లేదో వేలితో తట్టి చెప్పడం కష్టం. వంటింటి త్రాసు మీద తూచండి. ఒక బొమ్మ బరువు రాసుకుని, ఇంకో గంట ఆరబెట్టి మళ్లీ తూచండి. ఒక్క గ్రాము కూడా తగ్గకపోతేనే ఎండినట్టు. చిన్న బొమ్మలైతే అయిదారు కలిపి తూస్తే తేడా తెలుస్తుంది. మీ బొమ్మలు మెత్తబడటానికి రెండు కారణాలు ఉండి ఉంటాయి. లోపల తడి ఉండగానే రంగు వేసి ఉండాలి, వార్నిష్ ముందువైపు మాత్రమే పూసి ఉండాలి. ఉప్పు గాలిలోని తేమని లాక్కుంటుంది, వెనకవైపు తెరిచి ఉంటే అక్కడినుంచే తాగుతుంది. అందుకే అక్రిలిక్ రంగు వేసి, అది ఆరాక పారదర్శక వార్నిష్ ముందు, వెనక, అంచులు, దారం రంధ్రం లోపల కూడా పూయాలి. పల్చగా రెండు పూతలు, మధ్యలో ఒక రోజు విరామం. నీళ్ల రంగులు వద్దు, ఉప్పు కరిగి పైన తెల్లటి పొర కడుతుంది.

ఇంట్లో కుక్క ఉంటే ఈ బొమ్మల్ని అందనంత ఎత్తులో కట్టండి. వీటిలో ఉప్పు ఎంత ఎక్కువంటే ఒకటి తిన్నా కుక్క ప్రాణానికి ముప్పు.

రంగు వేయకుండా తెల్లగా మెరిసే బొమ్మలు కావాలంటే మైదా, ఉప్పుల బదులు రెండు కప్పుల వంట సోడా, ఒక కప్పు కార్న్‌ఫ్లోర్, ఒకటింపావు కప్పు నీళ్లు కలిపి సన్నమంట మీద తిప్పుతూ ఉడికించండి. మెత్తటి ముద్దలా అంచులు విడవగానే దించి, తడిగుడ్డ కప్పి చల్లార్చండి. ఎక్కువ ఉడికితే పిండి పొడిపొడిగా రాలుతుంది. దీన్ని ఓవెన్లో పెట్టకుండా గాలికే రెండు రోజులు ఆరబెట్టడం మంచిది. చలిగాలి, తేమ రెండూ ఉన్న చోట నాకైతే ఉప్పు పిండి కంటే ఇదే నచ్చుతుంది.

నారింజ చక్రాలు కూడా తడి కథే. 5 మి.మీ. మందంలో కోసి, రెండు వైపులా టిష్యూతో అద్ది, 90 డిగ్రీల దగ్గర మూడు నాలుగు గంటలు తిప్పుతూ ఎండబెట్టండి. మధ్య గుజ్జు వేలికి అంటకూడదు. అంటుతుంటే వారంలో బూజు పడుతుంది. గోధుమరంగుకి తిరిగితే వేడి ఎక్కువైనట్టు.

కానుకలు

కొవ్వొత్తికి 200 మి.లీ. మందపాటి వేడికి ఓర్చే గాజు పాత్ర, 160 గ్రాముల సోయా మైనం, సువాసన నూనె మైనం బరువులో 6 శాతం, అంటే 10 గ్రాములు చాలు. నూనెని చెంచాలతో కాదు, త్రాసుతోనే కొలవండి. మైనాన్ని నేరుగా పొయ్యి మీద పెట్టకుండా వేడినీళ్ల గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి కరిగించండి. 80 డిగ్రీల దగ్గర దించి నూనె కలిపి రెండు నిమిషాలు నిదానంగా తిప్పండి. 55 నుంచి 60 డిగ్రీలకి చల్లారాక పోయండి. మరీ వేడిగా పోస్తే పైభాగం గుంటపడుతుంది, గాజు నుంచి మైనం విడిపోతుంది. వత్తి నూలుది, మైనం ఎక్కించినది వాడండి, పాత్ర వ్యాసానికి తగ్గ లావు ఉండాలి. సన్నమైతే మధ్యలో సొరంగంలా కాలి చుట్టూ మైనం మిగిలిపోతుంది, లావైతే మసి పడుతుంది. కాబట్టి ఇచ్చే ముందు ఒకటి వెలిగించి చూడండి. వత్తి 5 మి.మీ. పొడవుకి కత్తిరించి ఇవ్వండి.

రంగుకి క్రేయాన్లు కరిగించి పోయమని చాలాచోట్ల చెబుతుంటారు. వద్దు. వాటిలోని రంగు పొడి వత్తి పోగుల్ని మూసేస్తుంది, మంట కొడిగడుతుంది. పైన ఎండు పూలు, దాల్చిన చెక్క గుచ్చడం ఇంకా ప్రమాదం, అవి కూడా అంటుకుంటాయి. కరిగిన మైనం మండితే నీళ్లు చల్లకూడదు, గిన్నె మీద మూత వేసి పొయ్యి ఆర్పాలి.

సబ్బుకి కరిగించి పోసే గ్లిసరిన్ బేస్ 500 గ్రాములు, సువాసన 10 గ్రాములు. ఉడకనివ్వకుండా కరిగించి, 55 డిగ్రీల దగ్గర అచ్చుల్లో పోసి, పైన బుడగల మీద స్పిరిట్ ఒకసారి స్ప్రే చేస్తే అవి పోతాయి. గట్టిపడటానికి అయిదారు గంటలు పడుతుంది. గ్లిసరిన్ గాలిలోని తేమని లాగి సబ్బు మీద చెమట చుక్కలు కడుతుంది కాబట్టి అచ్చు నుంచి తీయగానే ప్లాస్టిక్ ఫిల్మ్‌లో బిగించి చుట్టి, ఆ పైన కాగితం పట్టీ వేయండి. ఊరికే కాగితంలో చుడితే కాగితం తడిసిపోతుంది.

కుట్టు వచ్చినవాళ్లకి ఫెల్ట్ బొమ్మలు సులువు, గుడ్డ అంచు పోగులు లేవదు. ఒకటే ఆకారం రెండు ముక్కలు కోసి, ఆరు పోగుల ఎంబ్రాయిడరీ దారంలోంచి రెండు పోగులు తీసి, అంచు చుట్టూ 4 మి.మీ. ఎడంతో దుప్పటి కుట్టు (బ్లాంకెట్ స్టిచ్) వేయండి. మూడు సెంటీమీటర్లు తెరిచి ఉంచి దూది కొద్దికొద్దిగా, ముందు సందుల్లోకి, తరవాత మధ్యకి కూరండి. వేలాడదీసే రిబ్బన్ రెండు ముక్కల మధ్య పెట్టి కుట్టేయాలి, తరవాత అంటిస్తే ఊడుతుంది.

పండగ అయ్యాక దాచే పద్ధతి కూడా చెప్పేస్తాను, వచ్చే ఏడాది మళ్లీ చేయనక్కర్లేకుండా. పిండి బొమ్మల్ని ఒక్కొక్కటిగా టిష్యూలో చుట్టి, గాలి చొరబడని డబ్బాలో సిలికాజెల్ పొట్లాలతో పెట్టండి. ఫెల్ట్ బొమ్మలకి గుడ్డ సంచి చాలు. నక్షత్రం పైచేయి టేపు తీసి బల్బు, వైరు వేరు చేసి, నక్షత్రాన్ని నలగని సైజు అట్టపెట్టెలో పెట్టండి. దాని మీద ఇంకేమీ పేర్చకండి. నారింజ చక్రాలు మాత్రం దాచకండి, వాటికి పురుగులు వస్తాయి.